పాడనివాళ్ల కోరస్

బర్మింగ్‌హామ్ కచేరీ ముగించుకుని పద్నాలుగుమంది రావాల్సిన బృందంలో పదిమందే శంషాబాద్‌లో దిగారన్న దగ్గర పోయిన వారం ఆగాం. తన మొదటి ఆల్బమ్ 'పాయలు' పాటలతో దుబాయి, సింగపూరు, లండన్ తిరిగి వచ్చిన మనోజ్ఞకు, మిగతా నలుగురూ ఏమయ్యారో విజయవాడ దాకా కారులో ఎవరూ చెప్పలేదు. ఆమె మేనమామా, ఈ టూర్ మొత్తం నడిపించినవాడూ అయిన సంజీవరావు మాత్రం సూర్యాపేట దాటాక ఒక్క మాటన్నాడు.

"అక్కడే దిగబడిపోయారమ్మడూ. మనకి మచ్చ తెచ్చారు. వదిలేయ్."

ఆ నలుగురిలో ముగ్గురి ముఖాలు కూడా మనోజ్ఞకు సరిగా గుర్తు లేవు. నాలుగో మనిషి వినీల. పక్క మైకులో నిలబడి, తన గొంతు తడబడిన ప్రతి చోటా మెల్లగా అందుకుని ఒడ్డుకు చేర్చిన పిల్ల. ఒక్క మాటయినా చెప్పకుండా వెళ్లిపోయిందని మనోజ్ఞకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే వారం రోజులు గడిపింది. వినీలకు ఫోన్ కూడా చేయలేదు.

ఆ కోపం సోమవారం పొద్దున కాలింగ్ బెల్ మోగేదాకా ఉంది.

పటమటలో వాళ్ల ఫ్లాటు మూడో అంతస్తులో. తలుపు తీసిన మనోజ్ఞ తల్లి శ్రీదుర్గ, బయట నిలబడ్డ ఇద్దరినీ చూసి తలుపు సగంలోనే పట్టుకుని నిలబడింది. మగమనిషి తెల్లచొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయి ఉంది. పక్కనున్నావిడ చేతిలో ఫోన్ పట్టుకుని, అది ఏ క్షణాన మోగుతుందోనన్నట్టు దానివైపే చూస్తోంది.

"వినీల నాన్ననండి. మరియదాసు. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చాం. ఈవిడ నా భార్య, తెరేసమ్మ."

"మా అన్నయ్య ఆఫీసుకెళ్లండి. బెంజ్ సర్కిల్ దగ్గర. ఇక్కడ మాకేం తెలీదు," అంది శ్రీదుర్గ.

"మూడుసార్లు వెళ్లామండి. లోపలికి రానివ్వలా."

ఆ మాట విని మనోజ్ఞ గదిలోంచి బయటికొచ్చింది. తల్లి చేతి మీదుగా తలుపు పూర్తిగా తీసింది. "రండి అంకుల్. లోపలికి రండి ఆంటీ."

వాళ్లు సోఫా అంచున కూర్చున్నారు. మనోజ్ఞ వాళ్లను ఇంతకుముందు ఒక్కసారే చూసింది. ప్రయాణం ముందు వాళ్ల ఇంటికి భోజనానికి పిలిచారు. చర్చి వెనక సందులో ఇల్లు. మరియదాసు అక్కడి గాయక బృందానికి హార్మోనియం వాయిస్తాడు. కూతురికి పాట ఆయన దగ్గరే వచ్చింది. ఆ రోజు తెరేసమ్మ చేపల పులుసు వడ్డిస్తూ, మా పిల్లకి చలి పడదమ్మా, కాస్త చూసుకోమ్మా, అని మళ్లీమళ్లీ చెప్పింది.

"ఫోన్ రావట్లేదమ్మా," అన్నాడు మరియదాసు. "మీరు వచ్చేసిన రోజు నుంచీ లేదు. అది చెప్పకుండా ఏం చేయదమ్మా. బస్సెక్కితే ఎక్కానని చెప్పుద్ది, దిగితే దిగానని చెప్పుద్ది. అక్కడే ఉండిపోయే పిల్లయితే మాకు చెప్పదా?"

"చివరిసారి ఎప్పుడు మాట్లాడింది అంకుల్?"

"మీ ఆఖరి కచేరీ రోజున. హడావుడిగా మాట్లాడింది. నాన్నా, ఈ కోరస్‌లో నేను తప్ప ఎవళ్లకీ పాట రాదు నాన్నా, ఇక్కడేదో జరుగుతుంది, ఇవాళ మనోజ్ఞక్కకి చెప్పేస్తాను అంది. అంతే." ఆయన తలెత్తి చూశాడు. "మీకు చెప్పిందా అమ్మా?"

మనోజ్ఞకు బర్మింగ్‌హామ్ హోటల్ గది కళ్లముందు కదిలింది. గొంతు బొంగురుపోయి, మాట్లాడకూడదని మెడకు మఫ్లరు చుట్టుకుని ఆవిరి పట్టుకుంటూ కూర్చుంది తను. వినీల తలుపు తోసుకుని వచ్చి, "అక్కా, ఒక్క మాట," అంది. తను చేత్తో, తర్వాత, అని సైగ చేసింది. వినీల కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత స్టేజి మీద పక్కపక్కన నిలబడి పాడారు. మర్నాడు ఎయిర్‌పోర్టుకు రెండు బస్సులు పెట్టారు. వినీల ఏ బస్సులో ఎక్కిందో తను చూడలేదు.

"చెప్పబోయింది," అంది మనోజ్ఞ. "నేను వినలేదు ఆంటీ."

తెరేసమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

కోరస్‌లో ఎవరికీ పాట రాదు. ఆ మాట మనోజ్ఞ లోపల నెమ్మదిగా దిగింది. రిహార్సల్స్‌కి విజయవాడలో వినీల ఒక్కతే వచ్చేది. మిగతావాళ్లు ఎందుకు రారని అడిగితే, కోరస్ అంతా రికార్డు చేసి పెట్టాం కదమ్మా, స్టేజి నిండుగా కనపడ్డానికి మనుషులుంటే చాలన్నాడు మావయ్య. నిజమే కదా అనుకుంది. లండన్‌లో దిగినప్పుడు అక్కడి అధికారికి అనుమానం వచ్చింది. మీరంతా పాటగాళ్లయితే ఒక పాట పాడండి చూద్దాం, అన్నాడు నవ్వుతూనే. వినీల అందుకుంది. మిగతావాళ్లు పెదాలు కదిపారు. లైన్లో వెనకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆ అధికారి మనోజ్ఞ వైపు తిరిగి, వీళ్లంతా మీతో పాడేవాళ్లేనా అని అడిగితే, "అందరూ నావాళ్లే," అంది తను. ఎంత గర్వంగా అందో ఇప్పుడు గుర్తొస్తోంది.

"నాతో రండి," అంటూ లేచింది. "మావయ్యని నేనే అడుగుతాను."

"ఇవాళ ప్రెస్ మీట్ ఉంది," అంది శ్రీదుర్గ వంటింటి గుమ్మంలోంచి. "ఇవాళ వద్దు మనూ. రేపు అడుగుదువు గాని."

మనోజ్ఞ తల్లి వైపు చూసింది. "నీకేమన్నా తెలుసా అమ్మా?"

"నాకేం తెలుసు? నేనేమన్నా వచ్చానా మీతో?"

చేతిలోని గ్లాసును తుడుస్తూనే ఉంది శ్రీదుర్గ. ఆ గ్లాసులో ఎవరూ నీళ్లు తాగలేదు.

*

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ పక్క సర్వీసు రోడ్డులో సంజీవరావు ఫంక్షన్ హాలు. గేటు దగ్గరే మనోజ్ఞ నిలువెత్తు ఫోటో పెట్టారు. మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని, జుట్టు గాలికి ఎగురుతూ. కింద పెద్ద అక్షరాలతో తర్వాతి టూర్ ఊరు, 'టొరంటో' అని రాసి ఉంది. ఆకాశం బూడిదరంగులో ఉంది. వాన రాదు, ఉక్క తగ్గదు. మరియదాసు ఆ ఫోటో ముందు ఒక్క క్షణం ఆగి చూశాడు. తన కూతురు అందులో ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టు ఉంది ఆ చూపు.

వాళ్లిద్దరినీ హాల్లో వెనక వరస కుర్చీల్లో కూర్చోబెట్టి మనోజ్ఞ పైకెళ్లింది.

సంజీవరావు క్యారియర్ విప్పుకుని పెరుగన్నం తింటున్నాడు. మేనకోడల్ని చూడగానే ముఖం విప్పారింది. "రా అమ్మడూ. భోంచేశావా? గొంతెలా ఉంది?"

మనోజ్ఞ తండ్రి పోయినప్పుడు ఆమె ఇంటర్ చదువుతోంది. ఆ రోజు నుంచీ ఈయనే అన్నీ చూశాడు. సంగీతం మాస్టారిని పెట్టించింది ఈయన. స్టూడియో చూపించింది, తొలిసారి ఇయర్‌ఫోన్స్‌లో తన గొంతు తనకే వినిపించినప్పుడు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుందీ ఈయనే. ఆ కన్నీళ్లు అబద్ధమని మనోజ్ఞ ఇప్పటికీ అనుకోలేదు.

"వినీల ఎక్కడుంది మావయ్యా?"

"మళ్లీ అదేనా? చెప్పాను కదమ్మా..."

"వాళ్ల అమ్మానాన్నా కింద కూర్చున్నారు."

ఆయన చెయ్యి అన్నంలోనే ఆగింది. "ఎవరు రానిచ్చారు?"

"నేనే తీసుకొచ్చాను. మావయ్యా, కోరస్‌లో ఎంతమందికి పాట వచ్చు?"

సంజీవరావు లేచాడు. మూల ఉన్న సింకులో చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"కూర్చో. అరవొద్దు, గొంతు పాడవుద్ది. ఎప్పటికైనా చెప్పాల్సిందే. నీ పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను."

మనోజ్ఞ నిలబడే ఉంది.

"నిన్ను లండన్‌కి ఎవరూ పిలవలేదమ్మడూ. దుబాయికీ పిలవలేదు. నేనే పిలిపించాను. బయటి దేశం వెళ్లి పని చేసుకుందామనుకునేవాళ్లు మనవైపు ఎంతమంది ఉన్నారో నీకు తెలీదు. మామూలు దారిలో వాళ్లని ఎవరూ వెళ్లనివ్వరు. గాయని వెంట కోరస్‌లో వెళ్తే ఎవరూ ఆపరు. దానికొక గాయని కావాలి. ఇంట్లోనే ఉంది."

"మరి హాళ్లలో జనం?"

"పాసులు ఊరికే ఇచ్చాం. భోజనాలు పెట్టాం. మన భోజనం దొరుకుతుందంటే ఆదివారం పూట రానివాళ్లెవరు?"

"అయితే ఆల్బమ్?"

"ఆల్బమ్ లేకుండా టూర్ అంటే ఎవరు నమ్ముతారమ్మా?"

ఆయన మెల్లగానే అన్నాడు. చిన్నపిల్లకు లెక్క చెబుతున్నట్టు అన్నాడు. ఆ ఆల్బమ్‌కి రెండేళ్లు పట్టింది. ఒక్కో పాటకు ఎన్ని రాత్రులు కూర్చుందో, ఒక్కో మాట ఎన్నిసార్లు కొట్టేసి రాసుకుందో మనోజ్ఞకు మాత్రమే తెలుసు. కృష్ణ పాయలుగా విడిపోయి సముద్రంలో కలిసే చోట పడవలో కూర్చుని రాసుకున్న పాట ఒకటి ఉంది. నాన్న గురించి. ఆ పాటను దేశదేశాల్లో వినిపించడానికే ఈ టూర్ అనుకుంది. టూర్ కోసమే ఆ పాట పుట్టనిచ్చారు.

కుర్చీ వీపు పట్టుకుంది.

"బర్మింగ్‌హామ్‌లో నాలుగో వరసలో ఒకావిడ ఏడ్చింది మావయ్యా. పెద్దావిడ. నాన్న పాట పాడుతుంటే. ప్రతి మాటా నాతో పాటు పాడింది. ఆవిడని కూడా నువ్వే తెచ్చావా?"

సంజీవరావు నొసలు ముడిచాడు. "ఏ పెద్దావిడ?"

ఆయనకు తెలియదు. ఆ ఒక్క మనిషి నిజంగా వచ్చింది. మనోజ్ఞ ఆ సంగతిని లోపలెక్కడో పెట్టుకుని తలెత్తింది.

"వినీల వెళ్లి ఉండిపోవాలనుకున్న మనిషి కాదు. పాడటానికి వచ్చింది. దాన్నేం చేశారు?"

"లండన్‌లో పాడమని అడిగితే పాడేవాళ్లు ఒక్కరన్నా ఉండాలి కదా. అందుకు తీసుకెళ్లాం దాన్ని." ఆయన నిట్టూర్చాడు. "తెలివైన పిల్ల. కనిపెట్టేసింది. నీకు చెప్తానంది. ఎయిర్‌పోర్టులో అందరికీ వినపడేలా చెప్తానంది. చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా? 'అందరూ నావాళ్లే' అని అధికారి ముందు అన్నది నేను కాదమ్మడూ. నువ్వు. ముందు నిన్ను తీసుకెళ్లేవాళ్లు. నిన్ను కాపాడుకోవడానికే దాన్ని బస్సులోంచి దించేశాను."

"దించి?"

"మనవాళ్ల దగ్గర ఉంచాను. అన్నం పెడుతున్నారు. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. ఎవరూ దాన్ని ఏమీ అనలేదు, నా మీద ఒట్టు."

అన్నం పెడుతున్నారు. పెంచుకునే కుక్క గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నాలుగింటికి కిందకొచ్చి టొరంటో గురించి చెప్పు," అన్నాడు సంజీవరావు. "నాలుగు మాటలు చాలు. రేపే ఆ పిల్లని విమానం ఎక్కించమంటాను. ఎల్లుండికి ఇబ్రహీంపట్నంలో ఉంటుంది. ఏసుప్రభువు మీద ప్రమాణం చేయించుకుని పంపిస్తాను, నోరు విప్పనని."

"నేను చెప్పకపోతే?"

"చెప్పకపోతే..." ఆయన కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు చూశాడు. "వాళ్లు దాన్ని ఇంకో ఊరు మార్చేస్తారు. ఆ తర్వాత ఎక్కడుందో నాకు కూడా తెలీదమ్మా. నా చేతుల్లో ఉన్నదంతా ఈ సాయంత్రం దాకానే."

*

వెనక వరసలో వాళ్లిద్దరి పక్కన కూర్చుని మనోజ్ఞ అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ హాల్లో కుర్రాళ్లు కుర్చీలు సర్దుతూ, మైకు చూసుకుంటూ తిరుగుతున్నారు.

వినీల బతికే ఉందన్న మాట వినగానే తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి మనోజ్ఞ రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పమ్మా. ఆ టొరంటో ఏదో చెప్పేయమ్మా. నీకు దణ్ణం పెడతాను. నా బిడ్డ ఇంటికొస్తే చాలు, ఇంకేమీ వద్దు మాకు."

"పోలీసులకి చెబితే?" అన్నాడు మరియదాసు.

"ఏమని చెప్తావయ్యా? పోయిన వారం వెళ్తే ఏమన్నారు? మేజరైన పిల్ల, తన ఇష్టం మీద ఉండిపోయిందన్నారు. సంజీవరావు గారి మీద నీ దగ్గర ఏముందన్నారు. మళ్లీ వెళ్లి అదే చెప్పుకుందామా?"

మరియదాసు తల దించుకున్నాడు. ఆయన చేతివేళ్లు ప్యాంటు మోకాలి మీద నెమ్మదిగా కదులుతున్నాయి, హార్మోనియం మెట్ల మీద కదిలినట్టు. "మన మాట ఎవరు వింటారు," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. "వాళ్లల్లో మనిషెవరన్నా చెప్పాలి."

"చెప్తాను ఆంటీ," అంది మనోజ్ఞ తెరేసమ్మతో. "టొరంటో అనే చెప్తాను. మీ అమ్మాయి వస్తుంది."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. స్టేజి వెనక గదిలోకి వెళ్లేటప్పుడు కూడా ఆమెకు వేరే ఆలోచన లేదు. ముందు వినీల రావాలి. తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు. టొరంటో వెళ్లేరోజున జ్వరమని పడుకోవచ్చు. ఎన్నయినా చేయొచ్చు.

గదిలో టొరంటో కోరస్ కూర్చుని ఉంది. అందరికీ ఒకే రంగు పట్టు లంగావోణీలు, కుర్రాళ్లకు జరీ పంచెలు. ఆమెను చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఒకమ్మాయి చొరవగా ముందుకొచ్చింది. కొత్త వోణీ భుజం మీద నిలవక మాటిమాటికీ సర్దుకుంటోంది.

"అక్కా, నా పేరు అక్షయ. మాది పామర్రు. మీ పాటలన్నీ విన్నానక్కా." గొంతు తగ్గించింది. "నాకు పాట రాదు. పెదాలు కదిపితే చాలన్నారు సార్. కానీ అక్కడెవరన్నా పాడమంటే ఏం చేయాలక్కా?"

"అక్కడికెందుకు వెళ్తున్నావో తెలుసా నీకు?"

"కచేరీలయ్యాక ఏదో షాపులో పని చూపిస్తామన్నారు. మా అమ్మ ముందు వద్దే వద్దంది. మీ ఫోటో చూపించాకే ఒప్పుకుంది." అక్షయ నవ్వింది. "అక్కడ మీరుంటారు కదక్కా. ఇంక భయమేముందని."

మనోజ్ఞ ఆ పిల్ల వోణీ భుజం మీద మడిచి, పిన్ను తీసి సరిగ్గా పెట్టింది. పిన్ను గుచ్చుకుని వేలి చివర రక్తపు చుక్క మొలిచింది. అక్షయ చూడలేదు.

బయట తన పేరు పిలుస్తున్నారు.

*

పేపర్లవాళ్లు, టీవీ కెమెరాలు, సంజీవరావు పరిచయస్తులు, అందరితో హాలు సగం నిండింది. ముందు వరసలో ఆకుపచ్చ పట్టుచీరలో శ్రీదుర్గ. వెనక వరసలో ఆ ఇద్దరూ. సంజీవరావు మైకులో మేనకోడలి గురించి చాలాసేపు చెప్పాడు. కృష్ణమ్మ ఒడిలో పుట్టిన గొంతు ఖండాలు దాటుతోందన్నాడు. చప్పట్లు మోగాయి. కోరస్ వచ్చి వెనక నిలబడింది. మైకు మనోజ్ఞ ముందుకొచ్చింది.

"అందరికీ నమస్కారం," అంది. "వచ్చే నెలలో టొరంటోలో..."

ఆగింది. కెమెరాల ఎర్రలైట్లు వెలుగుతున్నాయి. వెనక ఎవరో చిన్నగా దగ్గారు. అక్షయే అయి ఉంటుంది.

"టొరంటోలో కచేరీ లేదు," అంది మనోజ్ఞ.

సంజీవరావు ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది, ఇంకా ఆ మాట చేరనట్టు.

"అసలు నాకు ఎక్కడా కచేరీలు లేవు. నా వెనక నిలబడ్డవాళ్లలో ఎవరికీ పాట రాదు. కావాలంటే పాడించి చూడండి. వీళ్లని నా పేరు చెప్పి దేశం దాటించి అక్కడ వదిలేస్తున్నారు. పోయినసారి పద్నాలుగుమంది వెళ్లాం, నలుగురు తిరిగి రాలేదు. అందులో వినీల అనే అమ్మాయి ఉండిపోదామని వెళ్లలేదు. పాడటానికి వచ్చింది. ఇబ్రహీంపట్నం పిల్ల. దాన్ని బస్సులోంచి దించి, ఎక్కడో దాచి పెట్టారు. ఎవరు దాచారో నాకు తెలుసు. ఆ పెద్దమనిషి ఇక్కడే..."

హాలంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు వెనక్కి పడ్డాయి. పేపర్లవాళ్లు స్టేజి మీదకు తోసుకొచ్చారు. వెనక ఎక్కడో తెరేసమ్మ గొంతు వినిపించింది, మాటలు లేవు, అరుపు మాత్రమే. సంజీవరావు ఒక్క అడుగు పక్కకు వేసి, కర్టెన్ చాటుకు నడుస్తూ జేబులోంచి ఫోన్ తీశాడు.

అప్పుడు శ్రీదుర్గ లేచింది. నిదానంగా మెట్లెక్కి వచ్చి కూతురి చేతిలోంచి మైకు తీసుకుంది.

"కూర్చోండి బాబూ, అందరూ కూర్చోండి," అంది. ఆమె గొంతు వణకలేదు. "మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదు. అక్కడ నుంచి వచ్చినప్పటి నుంచీ నిద్ర లేదు. నిద్ర లేక ఏవేవో ఊహించుకుంటుంది. డాక్టరు గారికి చూపిస్తున్నాం. దాని మాటలు పట్టుకుని మీరు టీవీల్లో వేస్తే ఆడపిల్ల బతుకు పాడైపోద్ది. తల్లిగా అడుగుతున్నాను."

మనోజ్ఞ తల్లిని చూసింది. తెలిసిన ముఖమే. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్న ముఖమే.

"అమ్మా..."

శ్రీదుర్గ మైకు మీద అరచెయ్యి మూసి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. చూసేవాళ్లకు ఓదారుస్తున్నట్టుంది. చెవిలో గబగబా చెప్పింది.

"నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తర్వాత నన్ను నరుకు. ఇప్పుడు మావయ్య ఫోన్ చేస్తున్నాడు, చూశావా? నీ మాట జనం నమ్మారా, సాక్ష్యం మిగలకూడదని ఆ పిల్లని మాయం చేసేస్తారు. మావయ్య ఆపినా అక్కడివాళ్లు ఆగరు. నీకు పిచ్చెక్కిందని అందరూ అనుకుంటేనే అది బతుకుద్ది. నా మాట విను మనూ. ఈ ఒక్కసారి విను."

ఇది అన్న మీద భయంతో ఆడుతున్న మాటా, అన్న కోసం ఆడుతున్న నాటకమా, నిజంగా ఆ పరాయి పిల్ల కోసమా అన్నది తేల్చుకునే వ్యవధి మనోజ్ఞకు లేదు. కర్టెన్ చాటున సంజీవరావు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా ఏమీ మాట్లాడకుండా, ఆమె వైపే చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడు.

"మేడమ్!" ముందున్న విలేఖరి మైకు చాచాడు. "మీ అమ్మగారు చెబుతున్నది నిజమేనా? మీకు ఆరోగ్యం బాగోలేదా?"

కోరస్ అంతా బిక్కచచ్చి నిలబడింది. అక్షయ రెండు చేతులతో వోణీ కొంగు పట్టుకుని ఏడుస్తోంది.

మనోజ్ఞ కళ్లు మూసుకుంది. తన జీవితంలో ఎవరి ప్రోద్బలమూ లేకుండా తనంతట తాను ఇంతమంది ముందు పలికిన మాటలు అవే. వాటి వయసు ఇంకా కొన్ని నిమిషాలే.

"నిజమే," అంది. "నాకు బాగోలేదు. నేనన్నవేవీ... జరగలేదు. క్షమించండి."

హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో నవ్వారు. ఒక కెమెరా లైటు ఆరింది, దాని వెనకే ఇంకొకటి. కర్టెన్ చాటున సంజీవరావు ఫోన్‌లో ఏదో రెండు ముక్కలు చెప్పి, జేబులో పెట్టేసుకున్నాడు. శ్రీదుర్గ వదిలిన ఊపిరి మనోజ్ఞ భుజానికి తగిలింది.

జనాన్ని తోసుకుంటూ తెరేసమ్మ స్టేజి దాకా వచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది. మనోజ్ఞ కిందికి వంగింది.

"ఆంటీ, భయపడకండి. మాట వెనక్కి తీసుకున్నాను. ఇంక దాన్నేం చేయరు."

తెరేసమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఆయన లేడమ్మా. నువ్వు మా పిల్ల పేరు చెప్పగానే లేచాడు. ఇంక సాక్షి దొరికిందే తెరేసా అని, ఆపుతున్నా వినకుండా పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తాడు. ఆ తర్వాత నువ్వన్నది ఆయన వినలేదమ్మా."